మాట తప్పని రాయి

పొదిలి నేల అడుగున పరుచుకున్న రాయీ, నీకు దండం. మాట మీద నిలబడటంలో నీకు సాటి లేరు. అప్పటి నెల్లూరు జిల్లాలో నడుములు వంగి, మెడలు పట్టేసిన మనుషుల్ని చూసి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు కారణం వెతికారు. తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో రాశారు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు గురించి మన దేశంలో వచ్చిన తొలి మాటల్లో అదొకటి. ఆనాడు నువ్వు ఏం చెప్పావో ఇవాళా అదే చెబుతున్నావు. విననిది మేమే.

నీలో ఉన్నదే ఇచ్చావు. కాల్షియం తక్కువై, క్షారం ఎక్కువైన నీళ్ళు నీ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిస్తే ఫ్లోరైడ్ కరుగుతుంది. అది నీ స్వభావం. చెరువులో నిలిచే వాననీటికి నీ జోలి లేదు. ఆ చెరువుల్ని పూడనిచ్చి, బావి ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకా లోతు బోరు దింపి నీ తలుపు తట్టింది మేమే.

నీ నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు. కాచితే దోషం పోతుందనుకుని కట్టెలు తగలేసి కాచిన తల్లులున్నారు. కాచేకొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడ్ చిక్కబడుతుందని వాళ్ళకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. నువ్వు మాత్రం దాచలేదు. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గారగా రాసి చూపించావు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క కాగితంలో ఉంది. బడికి వెళ్ళి పిల్లల్ని ఒక్కసారి నవ్వమంటే ఆ లెక్క తేలిపోతుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడపిల్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బిందె చంకనెత్తుకున్న అమ్మల్లారా, మీకూ దండం. మోకాళ్ళు వంగనంటున్నా ట్యాంకరు దగ్గర వరసలో నిలబడ్డారు. కాలువ నీళ్ళు రాని రోజున మారుమాట లేకుండా చేతిపంపు దగ్గరికి నడిచారు. మీ ఓర్పు చాలా గొప్పది. అంత గొప్పది కాకుండా ఉంటే ఈపాటికి మంచినీళ్ళు మీ గడపలోకి వచ్చి ఉండేవి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వాళ్ళకూ దండం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతిని 1970ల్లోనే తయారుచేసి, దానికి నల్లగొండ పేరు పెట్టారు. ఇంట్లో బకెట్టులో కూడా చేసుకోవచ్చు. కావాల్సిందల్లా రోజూ సరిగ్గా కొలిచి కలిపే మనిషి. ఊరికొక మనిషికి జీతమిచ్చి ఆ పనిలో నిలబెట్టడం చాలాచోట్ల జరగలేదు. ఇప్పుడు క్యాను నీళ్ళు కొనగలిగిన ఇంటివాళ్ళ ఎముకలే భద్రం. ఆ క్యాన్లు నింపే ప్లాంటు వడకట్టి వదిలేసిన చిక్కటి నీళ్ళు మురిక్కాలవలోంచి ఇంకి, రాయీ, మళ్ళీ నీ దగ్గరికే వస్తాయి. వాటినీ భరిస్తున్నావు.

ఈ మెట్ట ప్రాంతానికి కృష్ణా నీళ్ళు తెస్తామని 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు పునాదిరాయి వేశారు. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఎదురుచూస్తూనే పెద్దవాళ్ళయ్యారు. అదీ రాయే కదా, నీ వంశానిదే. నువ్విన్నేళ్ళు నిలబెట్టుకున్న మాటను అదెందుకు నిలబెట్టుకోలేకపోయిందో నువ్వయినా దాన్నడుగు.