ఆ నాలుగు కిలోమీటర్లు ఎవరు తిన్నట్టు?

కారెక్కగానే కొందరు బెల్టు పెట్టుకుంటారు, కొందరు అద్దానికి వేలాడే ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుంటారు. బాబాయి మాత్రం డాష్‌బోర్డు వంక అనుమానంగా చూస్తాడు. అప్పు ఎగ్గొట్టినవాడు పెళ్లిలో ఎదురైతే చూస్తామే, ఆ చూపు.

బాబాయి అంటే మా సొంత బాబాయి అనుకునేరు. తెనాలిలో ఆయన గంగానమ్మపేటలో ఉంటాడు. బాపట్లలో అయితే 1945 నాటి వ్యవసాయ కళాశాలలో ఉద్యోగం చేసి రిటైరై ఉంటాడు. రేపల్లెలో రొయ్యల చెరువుల లెక్కలు చూసుకుంటూ ఉంటాడు. ఊరు మారుతుంది గానీ మనిషి మారడు. కారు డిక్కీ తీస్తే చాలు, పోల్చుకోవచ్చు. స్టెపినీ పక్కన టైరు గాలి చూసే గేజి, కొలిచే టేపు, అట్ట చిరిగిన లాంగ్ నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. ముందు అద్దం దగ్గర, స్పీడు మీటరుకి సరిగ్గా పక్కన, ఫోను నిలబెట్టి ఉంటుంది. దారి చూపించడానికి కాదు. తెనాలి నుంచి బాపట్లకి దారి ఆయన కళ్లు మూసుకుని చెబుతాడు. ఆ ఫోను సాక్షి. మీటరు చెప్పిన ప్రతి మాటకీ ఉపగ్రహాల చేత వాంగ్మూలం తీసుకోవడానికి పెట్టుకున్నాడు.

"చూడరా, చూడు. మీటరు ఎంత?"

"ఎనభై, బాబాయ్."

"ఫోను?"

"డెబ్బై ఆరు."

"మరి మిగతా నాలుగు ఎవడు తిన్నట్టు?"

అప్పుడే కారు కుయ్‌మంటుంది. 2019 జులై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నీ ఎనభై దాటితే ఉండుండి అరవాలి, నూట ఇరవై దాటితే ఆగకుండా అరవాలి. ఇది రూలు. బాబాయికి ఆ అరుపు మీద కోపం లేదు, డెబ్బై ఆరుకే అరవడం మీద కోపం. "చెయ్యని తప్పుకి నలుగురిలో తిట్టించుకున్నట్టుంది," అంటాడు. పక్కన ఉన్నది నేనొక్కణ్ణే.

నిజానికి ఆ నాలుగూ ఎవరూ తినలేదు. ఐక్యరాజ్యసమితి పెద్దలు వాహనాల కోసం రాసుకున్న నిబంధనల్లో 39వది ఈ స్పీడు మీటరు గురించే. దాని ప్రకారం మీటరు అసలు వేగం కన్నా ఒక్క పిసరు కూడా తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించవచ్చు. ఎంత ఎక్కువ? అసలు వేగంలో పదో వంతు, దాని మీద ఇంకో 4 కిలోమీటర్లు. అంటే కారు నిజంగా 80లో పోతుంటే ముల్లు 92 దాకా కోసినా తప్పు లేదు, 79 అంటే మాత్రం తప్పు. కొత్త టైరుకీ అరిగిన టైరుకీ చుట్టుకొలత తేడా. గాలి తగ్గితే ఇంకొంచెం తేడా. ఇన్ని తేడాల్లో ఏదో ఒక రోజు ముల్లు తక్కువ చూపించి, పోలీసు చలానా రాసి, జనం కంపెనీ మీద పడతారేమోనని తయారుచేసేవాళ్లు ముందే కాస్త పైకి జరిపి పెడతారు. ఇదంతా వివరంగా చెబితే బాబాయి శ్రద్ధగా విన్నాడు.

"అంటే కావాలనే అబద్ధం చెబుతున్నారన్నమాట."

"మన మంచికే, బాబాయ్."

"మన మంచికి అబద్ధం చెప్పేవాణ్ణే ముందు కనిపెట్టుకుని ఉండాలి," అన్నాడు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆయన డెల్టాలో పుట్టి పెరిగాడు. ధాన్యం బస్తా అంటే 75 కిలోలన్న లెక్క ఉగ్గుపాలతో పాటు పట్టింది. ఆ 75 కిలోలూ మిల్లు గేటు దాటేసరికి తేమ పేరుతో కొంత, తాలు పేరుతో కొంత, తరుగు పేరుతో కొంత ఎలా కరిగిపోతాయో చిన్నప్పుడే నాన్న పక్కన నిలబడి చూశాడు. దుగ్గిరాల యార్డులో పసుపు బస్తా కాటా ఎక్కేటప్పుడు రైతు ముల్లునీ కాటా వేసేవాడి బొటనవేలునీ ఒకేసారి చూడాలని నేర్చుకున్నాడు. పాలకేంద్రంలో వెన్న శాతం దగ్గర పడ్డ తగవులకి లెక్కే లేదు. ఇన్నేళ్లలో ఆయన తేల్చుకున్న సూత్రం ఒకటే: ముల్లు పక్కకి జరిగిందంటే ఎవడో ఒకడు బాగుపడ్డాడు. అలాంటి మనిషి ముందుకు ఎవరికీ లాభం లేని తప్పుని తెచ్చి పెడితే ఎలా జీర్ణమవుతుంది? దొంగ ఉంటే పట్టుకోవచ్చు. దొంగే లేని దొంగతనం కనుకే ఆయనకి నిద్ర పట్టదు.

ఈ గొడవంతా వంటింట్లోంచి వింటున్న పిన్ని ఒకసారి తల బయటపెట్టింది.

"ఏవండీ, మన హాల్లో గడియారం పది నిమిషాలు ముందుంటుంది. అదెవరు పెట్టారు?"

"నేనే. రేపల్లె పాసింజరు తప్పిపోకుండా."

"మరి ఆ పది నిమిషాలూ ఎవరు తింటున్నట్టు?"

"అది మన మేలు కోసమే."

"కారూ అదేగా అంటోంది."

బాబాయి టైర్లలో గాలి చూసొస్తానని బయటికి వెళ్లాడు.

ఫోనుని కూడా ఆయన పూర్తిగా నమ్మడు. అది ఆకాశం నుంచి చెబుతుంది, రాయైతే నేల మీద ఉంటుంది. కాబట్టి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లే అసలు ప్రమాణం. లెక్క సులువైనదే: ముల్లుని 60 మీద కదలకుండా నిలబెడితే రాయికీ రాయికీ మధ్య సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. 63 పడితే మనం పోతున్నది 57. మూడువేల ఆరువందల్ని సెకన్లతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. ఈ భాగహారం బాబాయి నోటితో చేస్తాడు. స్టాప్‌వాచీ నొక్కే ఉద్యోగం పక్క సీటువాడిది, జీతం ఇడ్లీ.

అయితే రాళ్లు ఉండాలిగా. తెనాలి నుంచి రేపల్లె పోయే తోవలో ఒక రాయి గడ్డిలో మునిగి ఉంటుంది. ఒకదాని మీద నవ్వుతున్న నాయకుడి పోస్టరు ఉంటుంది, దూరం ఆయన పళ్ల వెనకాల ఎక్కడో. ఒకటి రోడ్డు వెడల్పు చేసినప్పుడు మాయమై ఉంటుంది. మొక్కజొన్న కోతల కాలంలో అయితే సగం రోడ్డు కళ్లమైపోతుంది, 60 మీద నిలకడ అనే మాటే లేదు. ఒకసారి రాయి మీద ఓ కుర్రాడు కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. బాబాయి కారు ఆపి అద్దం దించాడు.

"కాస్త లేస్తావా అబ్బాయ్, కింద ఎంతుందో చూడాలి."

"రేపల్లెకేనా? నేను చెబుతాలే బాబాయ్. పావుగంట."

"పావుగంట దూరం కాదురా, కాలం!"

"మీరు తోలేదాన్ని బట్టి అరగంట అనుకోండి," అన్నాడు కుర్రాడు, లేవకుండానే.

అందుకే ఇప్పుడు ప్రయోగాలన్నీ 216వ నంబరు జాతీయ రహదారికి మారాయి. కత్తిపూడి దగ్గర బయల్దేరి కోనసీమ, మచిలీపట్నం మీదుగా వచ్చి, పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి, రేపల్లె, బాపట్ల, చీరాల చూసుకుని ఒంగోలు చేరే రోడ్డది. పసుపు తలల రాళ్లు వరసగా ఉంటాయి. ఆ రాళ్లని చూసినప్పుడు బాబాయి మొహంలో కనిపించే ప్రశాంతత భావనారాయణస్వామి గుళ్లో కూడా నేను చూడలేదు. రైలెక్కినా ఇదే వరస. 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్లు వేసిన గుంటూరు–రేపల్లె లైనులో భట్టిప్రోలు వస్తే జనం స్తూపం గురించి మాట్లాడుకుంటారు, ఈయన కిటికీలోంచి పట్టాల పక్క కిలోమీటరు పలకలు లెక్కపెడుతుంటాడు.

ఇంజను వేడి చూపే ముల్లు సంగతి త్వరగా తేలిపోయింది. స్టీరింగు కింద సాకెట్టులో ఓ చిన్న పరికరం గుచ్చి ఫోనులో అసలు డిగ్రీలు చూశాడు. 80 నుంచి 100 దాకా నీళ్ల వేడి ఎక్కి దిగుతున్నా ముల్లు నడిమధ్యన నిక్కచ్చిగా నిలబడే ఉంది. అది కూడా కావాలని చేసిందే. ప్రతి రెండు డిగ్రీలకీ ముల్లు కదిలితే జనం హడిలిపోయి షెడ్డుకి పరిగెత్తుకొస్తారని అలా పెడతారు. "పిల్చి అడగండి, 'ఆఁ, బాగానే ఉన్నా' అంటుంది. మీ అన్నయ్యలాగే," అంది పిన్ని.

పెట్రోలు ముల్లు అలా తేలలేదు. టాంకులో ఒక బెండు తేలుతుంటుంది, దాని కాడ ఎంత వాలితే ముల్లు అంత వాలుతుంది. కంఠం దాకా పోయిస్తే బెండు పైన తగిలి ఆగిపోతుంది. ఆ పైది ఖర్చయ్యేదాకా ముల్లు కదలదు, మనం కారు మైలేజీ చూసి మురిసిపోతాం. సగం దాటాక జారుడుబల్ల. ఎర్రలైటు వెలిగాక కూడా కొంత మిగిలే ఉంటుంది. ఆ కొంత ఎంత? ఈ ప్రశ్నకి జవాబు రాబట్టడానికి బాబాయి ఎంచుకున్న రోజు కార్తీక ఆదివారం, దారి సూర్యలంక, ప్రయోగానికి సాధనం ఆరుగురు బంధువులు, ఒక పులిహోర గిన్నె. లైటు తెనాలి దాటకముందే వెలిగింది. ఎవరికీ చెప్పలేదు. బాపట్ల దాటి, గాలిలో సముద్రం తగులుతుండగా కారు రెండు దగ్గులు దగ్గి సరుగుడు తోట పక్కన ఆగింది. అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటుంటే బాబాయి నోటుబుక్కు తీశాడు.

"యాభై పైచిలుకు! నేను నలభై అనుకున్నాన్రా!"

వనభోజనాలు అక్కడే జరిగాయి. సరుగుడు కూడా వనమే గదా అని పెద్దావిడ ఒకావిడ సమాధానపడింది. పెట్రోలు పంపు టాంకులోనే మునిగి ఉంటుందనీ, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలేననీ, ఎండబెడితే అది కాలిపోతుందనీ మర్నాడు మెకానిక్కు చెప్పాడు. బిల్లు కూడా అతనే చెప్పాడు. ఆ అంకె మాత్రం నోటుబుక్కులో ఎక్కలేదు.

తర్వాత అనుమానం బంకు మీదికి మళ్లింది. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగినవాళ్లకి అందులో పట్టి చూపించాలి. 25 మిల్లీలీటర్లు అటో ఇటో అయితే సరే, అంతకు మించకూడదు. ఇది మన హక్కు, అడిగేవాళ్లే తక్కువ. బాబాయి అడిగాడు. వెనక ఆటోలు హారన్లు కొడుతుంటే బంకు కుర్రాడు ఓపిగ్గా పట్టాడు. పెట్రోలు సరిగ్గా గీత మీద నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు. బాబాయి మొహం వాడిపోయింది. పాత్ర చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, ముద్ర మీద తేదీ చదివి, నెమ్మదిగా అడిగాడు:

"దీన్ని దేంతో కొలిచారు?"

కుర్రాడు నా వంక చూశాడు. నేను ఆటోల వంక చూశాను.

చివరికి కారు అమ్మకానికి పెట్టాడు. బాపట్ల నుంచి ఒకాయన చూడ్డానికొచ్చాడు. అద్దాల జోడు, చంకలో సంచి. అంతకు ముందు వారమే ఒకరోజు బండి తీసుకుపోయి తోలి చూసుకున్నాడు. మీటరు మీద 62,000 ఉంది.

"అదంతా నిజం కాదండీ," అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి. "ఈ బండి మీటరు నూటికి ఐదు ఎక్కువ చూపిస్తుంది. రాళ్లతో సరిచూశా, రాతపూర్వకంగా ఉంది. అసలు తిరిగింది 58,900. ధర దాన్ని బట్టి మాట్లాడుకుందాం."

ఇన్నాళ్లకి ఆ నాలుగు కిలోమీటర్లకీ తినేవాడు దొరికాడని నాకు అర్థమైంది. కానీ వచ్చినాయన అద్దాలు సర్దుకుని సంచిలోంచి ఒక నోటుబుక్కు తీశాడు. దానికీ దారంతో పెన్సిలు కట్టి ఉంది.

"స్పీడు చూపే ముల్లుకే కంపెనీవాడు కలుపుతాడు, అన్నగారూ. దూరం లెక్కకి కలపడు. అది చక్రం తిరిగిన లెక్క. మొన్న చెరుకుపల్లి దాకా నేనూ రాళ్లు చూశాగా. అయితే మీ టైర్లు నున్నగా అరిగిపోయాయి, చుట్టుకొలత తగ్గింది కనక నూటికి ఒకటో రెండో ఎక్కువ చూపిస్తుండచ్చు. న్యాయంగా అది మీకు వదిలేస్తా." పేజీ తిప్పాడు. "అరిగిపోయిన నాలుగు టైర్ల ఖరీదు మాత్రం ధరలో తీసేస్తా."

బాబాయి ఆయన్ని కిందనుంచి పైదాకా ఓసారి చూశాడు. కుర్చీ ముందుకి లాక్కుని వంటింటి వైపు కేకేశాడు.

"ఏమేవ్, ఇంకో రెండు కాఫీలు పెట్టు. ఇక్కడ ఇప్పట్లో తేలేట్టు లేదు."