పంతం చెడకుండా ప్రభువుకు లోబడడం ఎలా?

ప్రార్థనలో "అంతా నీ చిత్తం ప్రభువా" అనడం తేలికే. ఆ చిత్తం మన చిత్తానికి అడ్డొచ్చినప్పుడే చిక్కు. భక్తిపరులన్న పేరు పోకూడదు, పంతమూ పోకూడదు. రెండూ దక్కే ఉపాయాలు విశ్వాసుల సౌకర్యార్థం ఇస్తున్నాం. అన్నీ పెద్దలు వాడి చూసినవే.

1. పెట్టె సర్దుకున్నాకే మోకరించండి. ఇందులో మనకు గురువు కారేహ కొడుకు యోహానాను. యెరూషలేము కూలిపోయాక, బబులోనువాళ్లకు భయపడి జనాన్ని వెంటబెట్టుకుని ఐగుప్తు దారి పట్టాడు. బేత్లెహేము దగ్గర బస చేశాక, వాళ్లంతా ప్రవక్త యిర్మీయాను పట్టుకున్నారు: దేవుణ్ని అడుగు, మంచైనా చెడైనా ఆయన మాట వింటాం అని. పది రోజులకు జవాబొచ్చింది: వెళ్లొద్దు, ఇక్కడే ఉండండి. వెంటనే యిర్మీయా అబద్ధికుడైపోయాడు, అతన్ని ఎగదోసింది అతని లేఖకుడు బారూకు అని తేలింది. అందరూ ఐగుప్తుకే వెళ్లారు, ఆ ఇద్దర్నీ కూడా తీసుకుపోయారు. ప్రవక్త వెంట ఉంటే ఏ ప్రయాణమైనా దేవుని చిత్తంలాగే కనిపిస్తుంది మరి.

2. నచ్చేదాకా వాగ్దానం తీయండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డుల పళ్లెం మీ ముందుకొస్తుంది. ఆశీర్వాదమో అభివృద్ధో వస్తే ఫ్రేము కట్టించి హాల్లో తగిలించండి. ఓర్పు గురించో, పగవాణ్ని క్షమించడం గురించో వస్తే కంగారు పడకండి. "ఇది మావారికి" అని ఆయన చేతిలో పెట్టి ఇంకోటి తీయండి.

3. చెయ్యనిదానికి కానుక వెయ్యండి. అమాలేకీయుల పశువుల్లో ఒక్కటీ మిగలకూడదని దేవుడంటే, సౌలు రాజు నాసిరకానివి చంపి, బలిసినవి ఉంచుకున్నాడు. సమూయేలు ప్రవక్త వచ్చేసరికి గొర్రెలు అరిచి గుట్టు బయటపెట్టాయి. సౌలు తడబడలేదు: అవి బలి ఇవ్వడానికండీ, ఉంచింది కూడా జనమే అన్నాడు. ఆ తెలివి మనకూ ఉండాలి. గట్టు జరిపి కలుపుకున్న తమ్ముడి నేల వదలక్కర్లేదు. అందులో పండిన వడ్లలో దశమభాగం మందిరానికి తోలించండి. మైకులో పేరు చదువుతారు. గట్టు గొర్రెలా అరవదు కదా.

4. లోబడే పని ఇంట్లోవాళ్లకు అప్పగించండి. మగవాళ్లు ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం 22వ వచనం నుంచి గట్టిగా చదవాలి. ఒకరికొకరు లోబడమనే 21 జోలికి పోవద్దు. భార్య కోసం ప్రాణమిచ్చేంతగా ప్రేమించాలనే 25 వచ్చేసరికి కళ్లజోడు కనపడకుండా పోవాలి.

5. "ప్రభువు నాతో మాట్లాడాడు" అన్న మాట సంబంధాలప్పుడు వాడండి. కట్నం అడగొద్దు, పాపం. "మీ అమ్మాయికి మీరు ప్రేమతో పెట్టుకునేది మేమెందుకు కాదంటాం వదినగారూ" అంటే చాలు. అంకె తేలేదాకా సంబంధం ప్రార్థనలోనే ఉంచండి.

హెచ్చరిక: ఈ ఉపాయాలేవీ సాగని చోటు గెత్సేమనే. అటు వెళ్లకండి. వద్దనుకున్నదాన్ని వద్దని దేవుడితో చెప్పుకోవడం తప్పు కాదని అక్కడ తెలిసిపోతుంది. సిలువ శ్రమల గిన్నె తప్పించమని యేసు అక్కడ మూడుసార్లు ప్రార్థించాడు. తన కోరిక దాచుకోలేదు, దానికి దేవుని చిత్తమని పేరూ పెట్టలేదు. అడిగినది దొరక్కపోయినా లేచి, పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు ఎదురెళ్లాడు.

ఇది బుర్రకెక్కినవాళ్లు ఎందుకూ పనికిరాకుండా పోతారు. పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి, "సర్వేయర్ని పిలుద్దాంరా, ఖర్చు నాదే" అంటారు. ఉన్న నేల తగ్గుతుంది, మైకులో పేరూ రాదు. ఆదివారం అలాంటివాళ్ల పక్కన చాప మీద కూర్చోకండి. అంటుకుంటుంది.