రెండో తొట్టి

బాన్సువాడలో మా అక్క కొడుకు డిగ్రీ ప్రాజెక్టు కోసం ఇంటి వెనక స్పిరులినా పెంచాడు. నీలం డ్రమ్మును నిలువునా కోయించి రెండు తొట్లు చేశాడు. రెండింటికీ ఒకే బోరు నీళ్ళు, ఒకే కొలత ఉప్పు, వంట సోడా. క్షారం ఎక్కువున్న నీళ్ళంటేనే స్పిరులినాకు ఇష్టం. పీహెచ్ 9 దాటితే మిగతా నాచు చాలామటుకు పోటీకి రాదు. తేడా ఒక్కటే. మొదటి తొట్టిలో చేపల తొట్టికి పెట్టే గాలి పంపు పగలంతా బుడగలు వదులుతుంది, రెండో తొట్టిలో నీళ్ళు ఊరికే నిలిచి ఉంటాయి.

చిక్కదనం కొలవడానికి వాడు చేసుకున్న పనిముట్టు నాకు భలే నచ్చింది. పుల్ల కొసకు తెల్లటి సీసా మూత బిగించి నీళ్ళలోకి దించుతాడు. మూత ఎంత పైనే మాయమైతే పచ్చ అంత చిక్కబడ్డట్టు. 3 సెంటీమీటర్లలోపే మాయమైందంటే ఇక గుడ్డలో వడకట్టుకోవచ్చు.

నెల తిరిగేసరికి రెండు తొట్లూ ఒక్కలాగే చిక్కబడ్డాయి. గాలి పంపు అక్కర్లేదని రిపోర్టు రాశాడు. కింద ఖర్చుల పట్టిక. మొదటి తొట్టికి పంపు ధర, కరెంటు. రెండో తొట్టికి ఆ రెండు గళ్ళలోనూ సున్నా, కూలీ గడిలోనూ సున్నా. కాలేజీలో మొదటి బహుమతి ఇచ్చారు.

నాకు నమ్మకం కుదరలేదు. స్పిరులినా పోగుల్లో గాలి తిత్తులుంటాయి. నీళ్ళు కదలకపోతే అది పైకి తేలి తెట్టు కడుతుంది. పైనున్నది ఎండకు మాడుతుంది, కిందున్నదానికి వెలుగే అందదు. అది వదిలిన ఆక్సిజనే నీళ్ళలో పేరుకుపోయి దాని ఎదుగుదలకు అడ్డం పడుతుంది. నీటిని కదిలిస్తే ప్రతి పోగుకూ ఎండలో వంతు దొరుకుతుంది. చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం తమిళ పల్లెల్లో ఆడవాళ్ళచేత మట్టికుండల్లో స్పిరులినా పెంచించినప్పుడు పంపుల్లేవు, నిజమే. కానీ రోజుకు మూడు నాలుగుసార్లు కుండను కలపాల్సిందే.

"రెండో తొట్టిని నిజంగా ఎవరూ ముట్టలేదా?" అని అడిగాను.

"ఎవ్వలు ముట్టలే మామా. కలుపు తీసే రోజులాయె, పగటిపూట అందరు పొలంకాడికే పోతరు. ఇంట్ల ఎవ్వలుంటరు?"

గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న వాళ్ళ నానమ్మ తలెత్తింది.

"మోటరు లేని తొట్టి మీద మీగడ లెక్క కడుతుండె. చూడబుద్ధి కాక, అటు పోయినప్పుడల్లా కట్టెతోని కలుపుకుంటనే ఉన్న. ఇంట్ల నేను లేనా బిడ్డా?"