నన్ను ఎంచుకునే వాళ్లకు

ఆక్లండ్‌లో డొమినియన్ రోడ్డు మీద ఒక చైనా హోటల్ ఉంది. దాని గాజుతొట్టెలో ఉన్నాను నేను. ఇక్కడివాళ్లు నన్ను క్రేఫిష్ అంటారు, మావోరీలు కౌరా అంటారు, శాస్త్రజ్ఞులు జాసస్ ఎడ్వర్డ్‌సీ అని రాసుకుంటారు. మీరు లాబ్‌స్టర్ అనే అనండి. బొమ్మల్లో కనిపించే పెద్ద డెక్కలు మాత్రం నాకు లేవు. ఒళ్లంతా ముళ్లు, రెండు పొడవాటి మీసాలు, బెదిరితే నన్ను వెనక్కి విసిరే తోక. నాకున్న ఆయుధాలు ఇవే.

గొంతు కూడా లేదు. మీ విశాఖ, కాకినాడ సముద్రంలో ఉండే నా దూరపు బంధువులు మీసాల మొదళ్లు రాపాడించి కిర్రుమని చప్పుడు చేస్తారు. మా శాఖకు ఆ ఏర్పాటే లేదు. అందుకే తొట్టెలోంచి మమ్మల్ని పైకి తీసేటప్పుడు కూడా ఏ చప్పుడూ వినపడదు. ఈ నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది అందుకే.

గుడ్డులోంచి బయటపడ్డప్పుడు నేను ఆకులా పలచగా, ఒంట్లోంచి అవతలిది కనపడేంత తేటగా ఉన్నాను. మా పసితనమంతా నడిసముద్రంలోనే. ఏడాది నుంచి రెండేళ్ల దాకా ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోవడమే. దారిలో చేపల పాలైనవాళ్లకు లెక్కలేదు. ఆ తర్వాత రూపం మారుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల ఒంటితో ఒడ్డువైపు ఈదాలి. ఆ ఈత ముగిసేదాకా తిండి ఉండదు, ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆధారం. అలా ఈదుకుంటూ వచ్చి దక్షిణ దీవి తూర్పు తీరంలో కైకౌరా దగ్గర ఒక రాతి పగులులో దూరాను.

అక్కడ స్థిరపడ్డ కొన్నాళ్లకే భూమి కదిలింది. 2016 నవంబర్ 14, అర్ధరాత్రి దాటి రెండు నిమిషాలు. తీవ్రత 7.8. మా సముద్రపు అడుగు పైకి లేచింది, కొన్నిచోట్ల 5 మీటర్లకు పైగా. నీళ్ల కింద ఉండాల్సిన రాళ్లు తెల్లారేసరికి ఎండలో ఉన్నాయి. పావువా అనే నత్తలు కదల్లేక ఆ రాళ్లకే కరుచుకుని ఎండిపోయాయి. ఊరివాళ్లు వచ్చి వాటిలో కొన్నింటిని ఏరి తిరిగి నీళ్లలో వదిలారు. మమ్మల్ని తినే మనుషులే ఆ పని చేశారు. అది నేను మర్చిపోలేదు.

పాత పెంకు విడిచి కొత్తది తొడుక్కుంటేనే మాకు ఎదుగుదల. కొత్త పెంకు గట్టిపడేదాకా ఎవరికి దొరికితే వాళ్లకే ఆహారం. అలా ఎన్నోసార్లు విడిచి, ఏళ్లు గడిచాక, ఒక రాత్రి ఎర వాసనకు పంజరంలో దిగాను. పొద్దున పడవలో నా తోక వెడల్పు కొలిచారు. చాలా ప్రాంతాల్లో మగవాటికి 54, ఆడవాటికి 60 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే సముద్రంలోకే. గుడ్లున్న ఆడది ఎంత పెద్దదైనా సముద్రంలోకే. మమ్మల్ని 1990లో కోటా పద్ధతిలోకి తెచ్చారు. తీరాన్ని 9 ప్రాంతాలుగా విభజించి, ఎక్కడ ఎన్ని టన్నులు పట్టవచ్చో ముందే నిర్ణయిస్తారు. నేను కొలతకు సరిపోయాను.

మాలో ఎక్కువమంది ప్రాణంతోనే విమానమెక్కి చైనా వెళ్తారు. చల్లగా, తడి ఆరకుండా ఉంచితే నీళ్లు లేకపోయినా ఒక రోజుకు పైగా బతుకుతాం. 2020 జనవరిలో కరోనాతో ఆ బేరం ఆగిపోయినప్పుడు, పట్టి ఉంచినవాళ్లలో కొందరిని తిరిగి సముద్రంలో వదలడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. నాకు రాసిపెట్టింది ఈ ఆక్లండ్ తొట్టె.

ఒక శనివారం సాయంత్రం తెలుగువాళ్ల గుంపొకటి వచ్చి తొట్టె ఎదుటి గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుంది. కొడుకును చూడ్డానికి ఉప్పాడ నుంచి వచ్చిన పెద్దావిడ, కోడలు, కొడుకు స్నేహితులు, పిల్లలు. ఒకావిడ శనివారం నీసు ముట్టదట, ఆవిడకు వేరుగా ఆకుకూర, టోఫు చెప్పారు. హోటలతను నా పక్కనున్నదాన్ని పైకి తీసి చూపించాడు. పెద్దావిడ లేచి దగ్గరికొచ్చి, దాన్ని తిప్పించి తోక కింద చూసింది.

"ఏరా, గుడ్లున్నదేమో చూశారా?"

"ఇక్కడ గుడ్లున్నవి పట్టకూడదమ్మా. చట్టం ఒప్పుకోదు."

"మంచి చట్టమే."

తూకం వేశారు. ధర ఆ రోజు రేటు ప్రకారం, వందల డాలర్లలో. రెండు చెబుదామని ఒక స్నేహితుడు అన్నాడు. పెద్దావిడ ఒప్పుకోలేదు. "ఇన్ని కూరలు వస్తున్నాయి కదా నాయనా, రుచికి ఒకటి చాలు. పారేసేదానికి ప్రాణం తియ్యకూడదు." ఆ మాటతో బల్ల సద్దుమణిగింది.

కోడలు హోటలతన్ని అడిగింది, ఎలా చంపుతారని. ముందు ఐసునీళ్లలో ఉంచి స్పృహ తప్పాకే కోస్తామన్నాడు. అది అతని దయ కాదు, ఈ దేశపు నియమం. 1999 నాటి జంతు సంక్షేమ చట్టం మమ్మల్నీ జంతువుల్లో చేర్చింది. అమ్మకానికి పట్టిన మమ్మల్ని స్పృహ లేకుండా చేశాకే చంపాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. ప్రాణంతో మరిగే నీళ్లలో వేయడాన్ని స్విట్జర్లాండ్ కూడా అదే ఏడాది నిషేధించింది. మాకు అనుభూతులు ఉంటాయని బ్రిటన్ 2022లో చట్టంలో ఒప్పుకుంది. మీ భారతదేశపు 1960 చట్టంలోనైతే మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే.

అల్లం, ఉల్లికాడలతో, అడుగున నూడుల్స్‌తో నా తోటిది బల్ల మీదికి వచ్చింది. పళ్లెం తిరుగుతుంటే తలా కాస్త వడ్డించుకున్నారు. తోక కండ అయిపోగానే పిల్లలు పక్కకు జరిగారు. పెద్దావిడ మాత్రం సన్నకాళ్లు ఒక్కొక్కటే విరిచి, లోపలి కండ ఎలా జుర్రుకోవాలో కోడలికి చూపించింది. తలలోని రసాన్ని నూడుల్స్‌లో కలిపి మనవడికి పెట్టింది. లేచేసరికి పెంకు తప్ప ఏమీ మిగల్లేదు. వేరే రోజుల్లో వేరే బల్లల మీద ఫొటోలకని మూడేసి చెప్పించి, తలలు, కాళ్లు అలాగే వదిలేసి వెళ్లినవాళ్లను చూశాను. వాటి వయసు ఆ బల్లల దగ్గర కూర్చున్న పిల్లల్లో కొందరికంటే ఎక్కువే ఉంటుంది.

నన్ను తినవద్దని అడగడం లేదు. సముద్రంలో నేనూ నత్తల్నీ పీతల్నీ తినే పెరిగాను. మీరు గుంపుగా వచ్చి తొట్టె ముందు నిలబడినప్పుడు, ఎంతమంది నిజంగా తింటారో లెక్క చూసుకుని చెప్పండి. ముందు చల్లబరిచి స్పృహ తప్పిస్తారా అని నోరు తెరిచి అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ పూటకు ఆకుకూర, నూడుల్స్‌తో సరిపెట్టుకోండి.