డిఫాల్టు దొరవారి చిరునామా

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉంది: కాన్ఫిగరేషన్ ఫైలు ఎక్కడుందో వెతికి పట్టుకోలేనివాడికి దాన్ని మార్చే అర్హత లేదు. ఈ మాట ఏ మాన్యువల్లోనూ కనపడదు. వాళ్ళ ఇన్‌స్టాలర్లు మాత్రం ముప్పయ్యేళ్ళుగా ఏ లోటూ రానివ్వకుండా దీన్ని పాటిస్తున్నాయి.

పని చూస్తే చిటికెలోది. మెషీన్లో 64 జీబీ ర్యామ్ ఉంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం తన ఇన్నోడీబీ బఫర్ పూల్‌కి 128 ఎంబీ చాలని సర్దుకుపోతుంది, దాని డిఫాల్టు అంతే కాబట్టి. పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్లు కూడా మామూలుగా 128 ఎంబీయే. ఎంత నిరాడంబరత! ఆ ఒక్క అంకె పెంచాలి. పెంచడానికి అర నిమిషం, రీస్టార్టుకి ఇంకో అర నిమిషం. మిగతా రాత్రంతా ఏ ఫైల్లో పెంచాలో కనుక్కోవడానికి.

మైఎస్‌క్యూఎల్ వారి మర్యాదలు ముందు చూద్దాం. లినక్స్ మీద సర్వరు లేవగానే /ఈటీసీ/మై.సీఎన్ఎఫ్ చదువుతుంది. తర్వాత /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మై.సీఎన్ఎఫ్. ఆ తర్వాత, కంపైల్ చేసిన మహానుభావుడి మనసులో ఏ డైరెక్టరీ ఉందో అక్కడి మై.సీఎన్ఎఫ్. ఆపైన మైఎస్‌క్యూఎల్ హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఎటు చూపిస్తే అటు. ఆపైన హోమ్ డైరెక్టరీలో పేరుకి ముందు చుక్క పెట్టుకుని, మామూలుగా ఎల్ఎస్ కొడితే కనపడని ఇంకో మై.సీఎన్ఎఫ్. ఇవన్నీ అయ్యాక, 8.0 నుంచి, డేటా డైరెక్టరీలో మైఎస్‌క్యూఎల్‌డీ-ఆటో.సీఎన్ఎఫ్. దీని పేరు చివర సీఎన్ఎఫ్ ఉంది కదా అని తెరిస్తే లోపల ఉండేది జేసన్.

ఒకే సెట్టింగు నాలుగు చోట్ల ఉంటే ఆఖరున చదివినదే చెల్లుతుంది. వీలునామాలకీ ఇదే న్యాయం. కాకపోతే ఆఖరి వీలునామా ఏదో లాయరుకైనా తెలుస్తుంది. ఇక్కడ ఆ సౌకర్యం కూడా లేదు. ఒక ఫైల్లోంచి ఒక డైరెక్టరీని మొత్తంగా కలుపుకోవచ్చు, ఆ డైరెక్టరీలోని ఫైళ్ళు ఏ వరసలో చదువుతామో మాత్రం హామీ ఇవ్వలేం అని మైఎస్‌క్యూఎల్ మాన్యువలే చెబుతుంది. అంటే ఆఖరున చదివినదే చట్టం, ఆఖరున ఏది చదువుతామో చెప్పం. ఇంత నిజాయితీగా చేతులెత్తేసిన చట్టం వేరే ఎక్కడా చూడలేదు.

మనవాళ్ళ దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మందు ఉంది: పర్మిషన్ 777. ఫైలు చదవట్లేదా, 777 కొట్టు. మైఎస్‌క్యూఎల్ దీనికీ సిద్ధంగానే ఉంది. ఫైల్లో ఎవరైనా రాయగలిగేలా ఉంటే దాన్ని చదవదు. లాగ్‌లో ఒక వార్నింగ్ పడేసి, ఆ ఫైలు అసలు లేనట్టే లేచి కూర్చుంటుంది. భద్రత కోణంలో అది సరైన నిర్ణయమే, ఒప్పుకుంటాను. కానీ సర్వరు పచ్చగా లేచాక లాగ్ తెరిచి వార్నింగులు చదివేవాళ్ళు ఎంతమంది? అలాంటివాళ్ళు ఉంటే 777 ఎందుకు కొడతారు?

"అన్నా, ఫైలు మార్చాను, రీస్టార్ట్ కొట్టాను, ఏమీ మారలేదు."

"ఏ ఫైలు మార్చావురా?"

"గూగుల్ చెప్పిన ఫైలే అన్నా."

"గూగుల్ చెప్పినవాడిది ఏ ఓఎస్ రా?"

ఈ ఆఖరి ప్రశ్నలోనే మొత్తం రోగం ఉంది. ఉబుంటులో /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మై.సీఎన్ఎఫ్ అసలు ఫైలే కాదు, ఒక లింకు. అది ఆల్టర్నేటివ్స్ అనే డైరెక్టరీకి పంపుతుంది, అక్కణ్ణించి మైఎస్‌క్యూఎల్.సీఎన్ఎఫ్‌కి, దాన్లో చూస్తే రెండు డైరెక్టరీల పేర్లు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. అసలు సరుకు రెండో డైరెక్టరీలో, మైఎస్‌క్యూఎల్‌డీ.సీఎన్ఎఫ్‌లో దొరుకుతుంది. అదే మెషీన్లో మైఎస్‌క్యూఎల్ బదులు మరియాడీబీ వేసుకుంటే అది మరియాడీబీ.కాన్ఫ్.డీ లోపల 50-సర్వర్.సీఎన్ఎఫ్. రెడ్ హ్యాట్ కుటుంబంలో అయితే /ఈటీసీ/మై.సీఎన్ఎఫ్.డీ. మ్యాక్‌లో హోమ్‌బ్రూతో వేసుకుంటే ఇంటెల్ మెషీన్లో /యూజర్/లోకల్/ఈటీసీ, ఆపిల్ సిలికాన్ మెషీన్లో /ఆప్ట్/హోమ్‌బ్రూ/ఈటీసీ. ప్రాసెసర్ మారితే ఫైలు ఇల్లు మారుతుందని ఏ కంప్యూటర్ సైన్స్ పుస్తకంలోనైనా చదివారా?

విండోస్ దగ్గరికి వస్తే ఇన్‌స్టాలర్ మై.ఐఎన్ఐని సీ డ్రైవులో ప్రోగ్రామ్‌డేటా కింద పెడుతుంది. ప్రోగ్రామ్‌డేటా మామూలుగా కంటికి కనపడని ఫోల్డర్. కనపడని ఫోల్డర్ని తెరిపించి, ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో మార్చి, పేరుపెట్టి సేవ్ చేస్తే అది మై.ఐఎన్ఐ.టీఎక్స్‌టీ అయి కూర్చుంటుంది. ఎక్స్‌టెన్షన్ కూడా విండోస్ దాచేస్తుంది కాబట్టి మీకు తెలియదు. అది కూడా దాటి పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేశారా, ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు చేరతాయి. మైఎస్‌క్యూఎల్ వాటిని చూసి ఒకటో లైన్లోనే గ్రూపు పేరు లేని ఆప్షన్ ఉందని ఎర్రర్ ఇచ్చి పడుకుంటుంది. కనపడని ఫోల్డర్, కనపడని ఎక్స్‌టెన్షన్, కనపడని బైట్లు. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి బీటెక్ కంటే అంజనం వేసే విద్య ఎక్కువ పనికొస్తుంది.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళు తాత్వికులు. కాన్ఫిగరేషన్ డేటాతోపాటే ఉండాలన్నది వాళ్ళ సిద్ధాంతం, డేటా డైరెక్టరీ ఎక్కడో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ అక్కడే. వినడానికి బాగుంది. ఇది డెబియన్ వాళ్ళకి నచ్చలేదు. కాన్ఫిగరేషన్ అంటే ఈటీసీలోనే ఉండాలని పట్టుబట్టి /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/16/మెయిన్ అని వేరే కాపురం పెట్టించారు. రెడ్ హ్యాట్ సొంత ప్యాకేజీ /వార్/లిబ్/పీజీఎస్‌క్యూఎల్/డేటా అంటుంది. అదే రెడ్ హ్యాట్ మీద పోస్ట్‌గ్రెస్ వాళ్ళు స్వయంగా ఇచ్చే ప్యాకేజీ మధ్యలో 16 అని వెర్షన్ నంబరు ఇరికిస్తుంది. ఒకే ఓఎస్, ఒకే సాఫ్ట్‌వేర్, రెండు చిరునామాలు. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలే డేటా ఉంటుంది, అది ప్రోగ్రాములు పెట్టుకునే చోటని మైక్రోసాఫ్ట్ ఎంత మొత్తుకున్నా సరే. డాకర్ ఇమేజ్‌లో ఏళ్ళ తరబడి ఒక చోటుకి అందరూ అలవాటుపడ్డాక, 18వ వెర్షన్‌తో ఆ చోటూ మారింది.

డెబియన్‌లో వెర్షన్ మారినప్పుడు వచ్చే వినోదం ప్రత్యేకం. 14 నుంచి 16కి వెళ్ళాక కూడా, ఎవరో ఒకరు పనిగట్టుకుని తీసేదాకా 14 డైరెక్టరీ అక్కడే ఉంటుంది, అందులో చక్కటి కామెంట్లతో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్. హిస్టరీలో పాత కమాండ్ వెతుక్కుని, పైబాణం నొక్కి, శ్రద్ధగా 14 ఫైల్ని ట్యూన్ చేసి 16 సర్వర్ని రీస్టార్ట్ చేసేవాళ్ళని ఏ టీంలోనైనా చూడొచ్చు.

అయితే పోస్ట్‌గ్రెస్‌కి ఒక పుణ్యం ఉంది. షో కాన్ఫిగ్_ఫైల్ అని అడిగితే తన ఫైలు ఎక్కడుందో నిజం చెబుతుంది. ఎవరెవర్ని లోపలికి రానివ్వాలో చెప్పే పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఎక్కడుందో కూడా చెబుతుంది. లోపలికి వచ్చాక. ఆ ఫైలే మిమ్మల్ని గుమ్మం దగ్గర ఆపేస్తే, ఆపిన ఫైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ ఫైలు అనుమతే కావాలి. మెషీన్ మీద రూట్ ఉన్నవాళ్ళకి దొడ్డిదారి ఎలాగూ ఉంటుంది. రూట్ పాస్‌వర్డ్ కోసం టికెట్ పెట్టి నాలుగు రోజులు ఎదురుచూసే ప్రొడక్షన్ సపోర్ట్ వాళ్ళ సంగతి వేరు. ఇంకో దారి, ఫైల్లో ఒక అక్షరం తప్పు కొట్టి స్టార్ట్ చేయడం. అప్పుడు ఫైలు పూర్తి పేరూ లైను నంబరూ సహా లాగ్‌లో దండోరా వేస్తుంది. చిన్న చిక్కేమిటంటే, తప్పు కొట్టడానికైనా ముందు ఫైలు దొరకాలి.

2014లో 9.4తో ఆల్టర్ సిస్టమ్ అనే కమాండ్ వచ్చింది. ఇది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ అనే రెండో ఫైల్లో రాస్తుంది, ఆ రెండోది మొదటిదాని మీద గెలుస్తుంది, మొదటి ఫైల్లో దాని గురించి ఆనవాలుండదు. ఒకాయన ఆల్టర్ సిస్టమ్ కొట్టి, వేరే కంపెనీలో మంచి ప్యాకేజీ వచ్చి వెళ్ళిపోతాడు. ఆయన సీట్లోకి వచ్చినవాడు మొదటి ఫైల్నే పట్టుకుని ఏడుస్తాడు. 2024లో 17వ వెర్షన్‌లో ఈ కమాండ్‌ని ఆపేసే సెట్టింగు ఇచ్చారు. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో చూసుకుని పెట్టండి.

అమీర్‌పేటలో ఒరాకిల్ కోర్సు చేసినవాళ్ళకి ఇవన్నీ పిల్లల ఆటల్లా అనిపించవచ్చు. టీఎన్ఎస్‌నేమ్స్.ఓఆర్ఏ దొరక్క వచ్చే ఓఆర్ఏ-12154తో మొదలైన కెరీర్లవి. ఒకే మెషీన్లో రెండు ఒరాకిల్ హోమ్‌లు, రెండిటి నెట్‌వర్క్/అడ్మిన్‌లోనూ చెరొక ఫైలు, పైన టీఎన్ఎస్ అడ్మిన్ అనే వేరియబుల్ మూడోవైపు లాగుతూ. స్టార్టప్ పారామీటర్ల ఫైలు యునిక్స్‌లో డీబీఎస్ డైరెక్టరీలో, విండోస్‌లో డేటాబేస్ డైరెక్టరీలో. ఆ ఎస్‌పీఫైల్ బైనరీ, చేత్తో ముట్టుకోవద్దు. ఏ డేటాబేస్ ఏ ఒరాకిల్ హోమ్‌లో ఉందో రాసుకునే ఓరాట్యాబ్ లినక్స్‌లో /ఈటీసీలో, సొలారిస్‌లో /వార్/ఆప్ట్/ఒరాకిల్‌లో. చిరునామాల పుస్తకానికే రెండు చిరునామాలు.

మైక్రోసాఫ్ట్ ఈ గొడవ లేకుండా అసలు ఫైలే ఇవ్వలేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ సెట్టింగుల్లో కొన్ని రిజిస్ట్రీలో, కొన్ని డేటాబేస్ లోపలే. 2017లో లినక్స్ మీదికి వచ్చినప్పుడు మాత్రం వేరే దారి లేక ఒక ఫైలు పెట్టుకున్నారు. ఆప్ట్‌లో ఇన్‌స్టాల్ అయ్యే ప్యాకేజీల కాన్ఫిగరేషన్ /ఈటీసీ/ఆప్ట్‌లో ఉండాలని లినక్స్ ఫైల్‌సిస్టమ్ ప్రమాణం రాసిపెట్టింది. 2015 నాటి 3.0 వెర్షన్లోనూ ఆ మాట ఉంది. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన పెద్దమనిషి ఎంఎస్ఎస్‌క్యూఎల్.కాన్ఫ్‌ని /వార్/ఆప్ట్‌లో పెట్టాడు. పాతకాపులే ఆ ప్రమాణాన్ని పట్టించుకోనప్పుడు ఆయన్నెందుకు అనాలి?

ఇదంతా తలనొప్పే తప్ప నష్టమేముంది అనేవాళ్ళకి మోంగోడీబీ కథ చెప్పాలి. లినక్స్ ప్యాకేజీ /ఈటీసీ/మోంగోడ్.కాన్ఫ్ ఇస్తుంది. సర్వీసుగా లేపితే దాన్ని చదువుతుంది. ఎవరైనా ఉట్టి మోంగోడ్ అని టైపు చేసి లేపితే మాత్రం ఆ ఫైలువైపు తిరిగి చూడదు. పుట్టుకతో వచ్చిన డిఫాల్టులతో లేస్తుంది. 3.6 ముందు ఆ డిఫాల్టు ఏమిటంటే, ఏ నెట్‌వర్క్ నుంచి ఎవరు వచ్చినా తలుపు తెరవడం, పాస్‌వర్డ్ అడక్కపోవడం. ఫైల్లో 127.0.0.1 అని భద్రంగా రాసి ఉన్నా ఆ ఫైలు చదివేవాడే లేడు. 2017 జనవరిలో ఇలా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న డేటాబేస్‌లని దొంగలు వేల సంఖ్యలో తుడిచేసి, బిట్‌కాయిన్లు అడుగుతూ చీటీలు వదిలి వెళ్ళారు. అదే ఏడాది చివర్లో వచ్చిన 3.6లో డిఫాల్టు లోకల్‌హోస్ట్ అయింది. విండోస్‌లో మోంగోడ్.సీఎఫ్‌జీని బిన్ ఫోల్డర్లో, ఎగ్జిక్యూటబుల్ పక్కనే పెట్టడం మాత్రం మానలేదు.

క్లౌడ్ వచ్చాక ఈ బాధ తీరిందంటారు. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో ఫైలే లేదు, పారామీటర్ గ్రూపు ఉంది. డిఫాల్టు పారామీటర్ గ్రూపుని మార్చడానికి వీల్లేదు, కొత్తది చేసుకుని తగిలించుకోవాలి. దాచడం ఎందుకు, తాళమే వేసేద్దాం అని తేల్చుకున్నారన్నమాట. ఎస్‌క్యూలైట్ ఒక్కటే ఈ జాతర్లోకి రాలేదు. సర్వరు లేదు, సర్వరుకి కాన్ఫిగరేషనూ లేదు. దాని కమాండ్‌లైన్ షెల్ కూడా హోమ్ డైరెక్టరీలో చుక్క పెట్టుకున్న ఒక ఫైలు చదువుతుంది, ఎంత సన్యాసికైనా ఒక గోచీ ఉన్నట్టు.

"డాక్యుమెంటేషన్లో అన్నీ ఉన్నాయి కదా" అనే పండితులకి ఒక మాట. డాక్యుమెంటేషన్ చెప్పేది ఫైలు ఎక్కడ ఉండొచ్చో. తెల్లవారుజామున సర్వరు పడిపోయినప్పుడు కావలసింది ఈ మెషీన్లో ఎక్కడ ఉందో. ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే, ఇప్పుడే దాన్ని చదివిన సర్వరు. చదివిన ఫైళ్ళ పేర్లు లేవగానే లాగ్ మొదటి లైన్లో రాయడానికి దానికి ఏం రోగం? ఇది అసాధ్యమేమీ కాదు. దొంగల పాలైన ఆ మోంగోడీబీయే ఏ కాన్ఫిగ్ ఫైలుతో లేచిందో లాగ్‌లో రాస్తుంది. రెడిస్ అయితే ఫైలు ఇవ్వకుండా లేపినప్పుడు, "నాకు ఫైలేమీ ఇవ్వలేదు, డిఫాల్టులతో నడుస్తున్నాను" అన్న అర్థంలో వార్నింగ్ ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ ఈ ఒక్క లైను ఎందుకు రాయవో వాటిని తయారుచేసేవాళ్ళు చెప్పాలి. కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ మనం అడగాల్సిన మొదటి ఫీచర్ ఇదే.

అది వచ్చేదాకా ఫైలు తెరిచే ముందు పీఎస్ కొట్టి చూడండి, ప్రాసెస్ ఏ ఆప్షన్లతో నడుస్తోందో అక్కడ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ లేచి ఉంటే పీజీ_సెట్టింగ్స్‌లో సోర్స్‌ఫైల్ కాలమ్, మైఎస్‌క్యూఎల్ 8.0 లేచి ఉంటే పెర్ఫార్మెన్స్ స్కీమాలో వేరియబుల్స్_ఇన్ఫో టేబుల్, ఏ సెట్టింగు ఏ ఫైల్లోంచి వచ్చిందో చెబుతాయి. మైఎస్‌క్యూఎల్ పడిపోయి ఉంటే మైఎస్‌క్యూఎల్‌డీకి వెర్బోస్, హెల్ప్ రెండూ కలిపి ఇవ్వండి. చాలా పేజీల సోదిలో మొదట్లోనే ఒక లైన్లో ఫైళ్ళ వరస ఉంటుంది.