మొగలి సాక్ష్యం

నేను 50 మిల్లీలీటర్ల సెంటు సీసాని. పుట్టింది షార్జాలో. పెరిగింది హైదరాబాదులో, ఒక ఇనప బీరువా పై అరలో, చీరల మడతల వెనక. నా ఒంటి గాజు చైనాది, మెడకి బిగించిన పంపూ చైనాదే. లోపలి మొగలి తైలం మాత్రం గంజాం జిల్లాది. పంపు మెడకీ నా భుజానికీ కలిపి ఒక తెల్ల కాగితం పట్టీ అతికించారు. దాని మీద అడ్డంగా రెండు సంతకాలు, కింద తేదీ: 2022 ఆగస్టు.

ఆ పట్టీతోనే మూడేళ్లు బతికాను. పరీక్ష కోసం నన్ను కాగితపు ముక్కల మీద చల్లారే తప్ప ఎవరి ఒంటి మీదా చల్లలేదు. నాలాంటి సీసాని ఈ వ్యాపారంలో గోల్డెన్ శాంపిల్ అంటారు. తర్వాత తయారయ్యే ప్రతి బ్యాచ్‌నీ నాతో పోల్చి చూశాకే సరుకు కదలాలి. నేను అమ్మకానికి పుట్టలేదు, సాక్ష్యం చెప్పడానికి పుట్టాను.

మొగలికీ సాక్ష్యానికీ పాత తగువుంది. బ్రహ్మ పక్షాన శివుడి ముందు అబద్ధం చెప్పి, పూజకి దూరమైన పువ్వు అది. అయినా మా యజమానురాలి ఊళ్లో దాన్ని ఎవరూ వదులుకోలేదు. ఆమెది ఇచ్ఛాపురం. ఆంధ్రప్రదేశ్‌కి ఉత్తరపు కొస. ఊరు దాటితే ఒడిశాలోని గంజాం. ఆ తీరం పొడవునా చేలగట్ల మీద మొగలి డొంకలు కంచెల్లా పెరుగుతాయి. ఆమె చిన్నప్పుడు వాళ్లమ్మ మొగలి రేకులు జడలో పెట్టి కుట్టేది, మిగిలినవి పట్టుచీరల మధ్య దాచేది. పెళ్లై హైదరాబాదు వచ్చాక ఆమెకి మొగలికి హిందీ మాటైన కేవడా పేరుతో దొరికింది బిర్యానీలో చల్లే నీళ్లు, లాడ్ బజారు దుకాణాల్లో ఘాటైన అత్తరు. రెండింటిలోనూ వాళ్లమ్మ జడ లేదు. ఆ వాసనని సీసాలో పెట్టి తన పేరుతో అమ్మాలన్న కోరిక అక్కడ పుట్టింది.

గంజాంలో ఆ పువ్వుని బట్టీలో కాచడం ఆమె దగ్గరుండి చూసింది. సువాసన మగచెట్టు పువ్వుదే. పొద్దున్నే కోసి, తాజాదనం పోకముందే బట్టీకి చేర్చాలి, ఆలస్యమైతే వాసన గాలికి పోతుంది. రాగి డేగ్‌లో పువ్వులూ నీళ్లూ వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్లలో మునిగిన ఇంకో పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో ముందే గంధపు నూనె పోసి ఉంచితే అది వాసన పట్టి అత్తరవుతుంది. నూనె కలపకుండా తీసిన అసలు తైలం రూహ్. గంజాం కేవడా రూహ్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నాలో ఉన్నది ఆ రూహే, కొద్దిగా.

అక్కణ్ణించి షార్జా దాకా ఎందుకు వెళ్లిందని మీరడగొచ్చు. మన దేశంలోనూ చేసిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆమె దగ్గరున్నది చిన్న పెట్టుబడి, వెయ్యి సీసాల ఆశ. స్పిరిటు కొని సొంతంగా కలుపుదామంటే ఎక్సైజు అనుమతులు కావాలి. షార్జా, అజ్మాన్ పారిశ్రామిక వాడల్లో స్పిరిటు సెంట్లు నింపే ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లన్నయ్య అక్కడే డ్రైవరు. ఫ్యాక్టరీ గుమ్మం తొక్కి కళ్లతో చూసి చెప్పే మనిషి ఒకరు ఉన్నారన్న ధైర్యం ఆమెది.

తన చేత్తో చెయ్యనిదానికి తన పేరెలా పెట్టుకోవడమని మొదట్లో ఆమె మొహమాటపడింది. పరిమళాల చరిత్ర చదివాక ఆ మొహమాటం పోయింది. షనెల్ నంబర్ 5 కలిపింది ఎర్నెస్ట్ బో, 1921లో. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మడానికి 1924లో పెట్టిన కంపెనీలో డబ్బూ ఫ్యాక్టరీ బలమూ వెర్థైమర్ సోదరులవి. పేరు ఒకరిది, చెయ్యి ఒకరిది కావడం తప్పు కాదు. ఆ చెయ్యి ఏం చేస్తోందో పేరు పెట్టుకున్నవాళ్లకి తెలియకపోవడం తప్పు.

ఆ సంగతి మొదటి నెలలోనే అనుభవానికొచ్చింది. ఫోన్లో ఫ్యాక్టరీ ఓనర్నని చెప్పుకున్న ఒకాయన ముప్పై శాతం అడ్వాన్సు అడిగాడు. అన్నయ్య డ్యూటీ దిగి ఆ అడ్రసుకి వెళ్తే అక్కడున్నది ఒక టేబులు, రెండు కుర్చీలు, గోడనిండా ఖాళీ సీసాలు. "చెల్లీ, ఇక్కడ స్పిరిటు వాసనే లేదమ్మా. ఈయన మధ్యవాడు," అని చెప్పాడు. డబ్బు పంపకముందే తెలిసింది కాబట్టి సరిపోయింది.

రెండోచోట ఫ్యాక్టరీ నిజమైనదే. వాళ్లు అరలోంచి రెడీమేడ్ పరిమళాలు తీసి చూపించారు. మీ స్టిక్కరు అంటించుకోండి, పది రోజుల్లో సరుకు అన్నారు. ప్రైవేట్ లేబుల్‌లో తేలికైన దారి అదే. అయితే అదే పరిమళం ఇంకో పదిమంది స్టిక్కర్లతోనూ బజార్లో ఉంటుంది. ఆమె ఒప్పుకోలేదు. గంజాం రూహ్ చిన్న సీసాడు పంపి, దీని చుట్టూ కట్టమంది. ఫ్యాక్టరీ ఆ పని సుగంధ తైలాలు కలిపే కంపెనీకి అప్పగించింది. వట్టి రూహ్‌తో సెంటు చేస్తే ధర ఎవరికీ అందదు. మొగలి వాసనకి ప్రాణం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థం. అది ప్రయోగశాలలోనూ తయారవుతుంది. పర్ఫ్యూమర్ దాన్ని వెన్నెముకగా నిలబెట్టి, రూహ్‌ని కొద్దిగా జోడించి, అడుగున గంధం పరిచాడు. మొదటి నమూనా మిఠాయి దుకాణంలా ఉంది. రెండోదాంట్లో నిమ్మ ఎక్కువైంది. మూడోది అన్నయ్య సెలవుకి వస్తూ చెక్-ఇన్ సామానులో తెచ్చాడు. ఆమె కాగితపు పట్టీ మీద ఒక్కసారి నొక్కి, గంటకోసారి వాసన చూస్తూ రాత్రి దాకా కూర్చుంది. పన్నెండింటికి కూడా మొగలి వెళ్లిపోలేదు. ఆ మూడోదే ఆమె ఖాయం చేసింది. దాంతో నింపిన మూడు సీసాల్లో నేనొకదాన్ని. ఒకటి ఫ్యాక్టరీలో, ఒకటి అన్నయ్య గదిలో, నేను బీరువాలో.

అప్పుడామె రాసుకున్న ఒప్పందం రెండు పేజీలే. ఇందులో దిగాలనుకునేవాళ్లు ఆ రెండు పేజీల విలువ తెలుసుకోవాలి. తైలం 18 శాతం అని అంకె వేసింది. ఈ వ్యాపారంలో ఫార్ములా సాధారణంగా తైలం కలిపిన కంపెనీ దగ్గరే ఉంటుంది, మనకి దక్కేది ఒక కోడ్ నంబరు మాత్రమే. అందుకే ఆ కంపెనీ పేరూ, కోడ్ నంబరూ ఒప్పందంలో ఎక్కించింది. ఆ తైలాన్ని ఒంటికి రాసుకునే సెంటులో ఎంతవరకు వాడొచ్చో చెప్పే ఇఫ్రా సర్టిఫికెట్ అడిగి తీసుకుంది. కలిపాక కనీసం మూడు వారాలు మగ్గనిచ్చి, చల్లబరిచి, వడకట్టాకే నింపాలని రాసింది. చివరి వాక్యం నా గురించి: సంతకం చేసిన నమూనాతో సరిపోలాకే మిగతా డెబ్బై శాతం. బ్రాండు పేరుకి అంతకుముందే ట్రేడ్‌మార్క్ 3వ తరగతిలో దరఖాస్తు చేసింది.

నేను నోరు విప్పాల్సిన రోజు వచ్చింది. వెయ్యి సీసాలు నింపామని ఫ్యాక్టరీ కబురు. అన్నయ్య వెళ్లి వేర్వేరు పెట్టెల్లోంచి పన్నెండు సీసాలు తీయించాడు. గదిలో నేల మీద పేపరు పరిచి, వాటిని పక్కకి పడుకోబెట్టి రాత్రంతా ఉంచాడు. తెల్లారేసరికి రెండిటి కింద పేపరు మీద తడి మరకలు. పంపు పట్టుకుని తిప్పితే మెడ మీద గుండ్రంగా తిరుగుతోంది. బిగింపు సరిగ్గా పడలేదు. అది చిన్న లోపం, మళ్లీ బిగిస్తే పోతుంది. మిగతా సీసాల్లో రెండు హైదరాబాదు చేరాయి. ఆమె నన్ను బీరువాలోంచి దించి, రెండు పట్టీలు తీసుకుని, ఒకదాని మీద నన్నూ ఇంకోదాని మీద కొత్తదాన్నీ చల్లింది. మొదటి పావుగంట ఇద్దరం కవలలమే. రెండు గంటలకి కొత్తది పలచబడింది. నాలుగో గంటకి దాని మీద తీపి వాసన తప్ప ఏమీ మిగల్లేదు. నా పట్టీ మీద మొగలి అలాగే ఉంది.

ఫోన్ చేస్తే మొదట బుకాయించారు. ఎండకి అలా అనిపిస్తుందన్నారు. "మీ దగ్గరున్న నమూనాని కూడా పట్టీ మీద చల్లి చూడండి సార్, నాలుగు గంటలాగి మాట్లాడుకుందాం," అంది ఆమె, గొంతు పెంచకుండా. మర్నాడు నిజం చెప్పారు. తైలం సరిపోక పన్నెండు శాతంతో సరిపెట్టారట. ఒప్పందంలో అంకె ఉంది, డెబ్బై శాతం డబ్బు ఇంకా ఆమె చేతిలోనే ఉంది, మూడు సీసాలు మూడు చోట్ల ఉన్నాయి. వాదన అక్కడితో ఆగింది. సరుకంతా మళ్లీ కలిపి, మళ్లీ మగ్గబెట్టి, మళ్లీ నింపారు. మొగలి వంశంలో పుట్టి నిజం చెప్పినందుకు నాకు ఆ రోజు గర్వంగా అనిపించింది.

ఆమెకీ ఒక పరీక్ష వచ్చింది. పెట్టె మీద ఫ్రాన్స్ పేరు కనిపించేలా ఏదో ఒకటి రాస్తే రెట్టింపు ధర పలుకుతుందని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. అక్కడి గ్రాస్ పట్టణపు మల్లెతోటల ఫొటో వేసినా చాలన్నారు. ఆమె పెట్టె మీద యూఏఈలో తయారైందని స్పష్టంగా అచ్చు వేయించింది. ఫ్యాక్టరీ చిరునామా, దిగుమతిదారుగా తన పేరు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల అన్నీ కనబడేలా పెట్టించింది. చట్టం అడిగేదీ అదే. విదేశీ సౌందర్య సాధనం ఏదైనా మన దేశంలోకి రావాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థలో ముందుగా నమోదు కావాలి. ఆ నంబరు కూడా లేబుల్ మీద ఉండాలి. నమోదు చేతికొచ్చేదాకా ఆమె సరుకు కదలనివ్వలేదు. ముందు పంపేసి తర్వాత కాగితాలు చూసుకుందామనుకున్నవాళ్ల సరుకు రేవులో పడి ఉంటుంది, అద్దె రోజురోజుకీ పెరుగుతుంది.

నా తమ్ముళ్లు ఓడలో వచ్చారు. స్పిరిటు ఉన్నందువల్ల సెంటుని అంటుకునే ద్రవాల జాబితాలో, 3వ తరగతి ప్రమాదకర సరుకుగా లెక్కేస్తారు. ప్రతి పెట్టెకీ ఎర్ర డైమండ్ గుర్తు, యూఎన్ 1266 నంబరు. జెబెల్ అలీలో ఎక్కి, ముంబై దగ్గర నవ షేవాలో దిగి, లారీలో హైదరాబాదు చేరారు. రవాణా, బీమా, సుంకం, జీఎస్టీ, బ్రోకరు ఫీజు అన్నీ కలిపాక ఒక్కో సీసా ఖరీదు ఫ్యాక్టరీ చెప్పిన ధరకి చాలా దూరం పోయింది. కానీ ఆ లెక్క ఆమె ముందే వేసుకుంది కాబట్టి అమ్మకం ధర చూసి బెదరలేదు. వెయ్యి సీసాలు అమ్మడానికి ఏడాది పైనే పట్టింది. రెండో బ్యాచ్ వచ్చింది, తర్వాత మూడోది. ప్రతిసారీ నన్ను దించారు, ప్రతిసారీ నేను చూసినంతా చెప్పాను.

2025 వానాకాలానికి నా రంగు లేత టీ డికాషన్‌లా మారింది. పరిమళం ఎంత చీకట్లో దాచినా వయసు దాన్ని వదలదు. ముసలి సాక్షి మాట మీద కొత్త సరుకుని తూచకూడదు. అందుకని నేను ఇంకా నిలకడగా ఉండగానే నాతో పోల్చి, కొత్త సీసా ఒకటి ఎంచి, దాని భుజం మీద పట్టీ అతికించి సంతకాలు చేశారు.

ఆ సాయంత్రం ఆమె నా పట్టీని గోటితో చింపింది. ఊరినుంచి వచ్చిన వాళ్లమ్మ మణికట్టు మీద నన్ను రెండుసార్లు నొక్కింది. నా బతుకులో మనిషి చర్మం తగలడం అదే మొదలు. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. అన్నాలయ్యాయి, పక్కలు వేశారు. దీపం ఆర్పబోతూ చెయ్యి మరోసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "మొగలేనే," అంది.

పరాయి దేశంలో మీ పేరుతో సరుకు చేయించుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. తయారీ ఎవరికైనా అప్పగించండి. మాట నిలబెట్టుకునే బాధ్యత మాత్రం మీ ఇంట్లో, మీ బీరువాలో, మీ సంతకంతో ఉండాలి.