అద్దెకు పూర్వీకులు

కేరళలో, ముఖ్యంగా కొచ్చి నగరపు పాత భాగమైన ఫోర్ట్ కొచ్చిలో, కుటుంబం కాపురముంటున్న ఇంట్లోనే కొన్ని గదులను పాతకాలపు హంగులతో ముస్తాబు చేసి, రాత్రి బసకూ ఉదయపు ఫలహారానికీ కలిపి అద్దె తీసుకునే పద్ధతిని హోమ్‌స్టే అంటారు. ఆ అద్దెకు గదితో పాటు ఒక వంశమూ, దాని జ్ఞాపకాలూ, కొంత అత్తాకోడళ్ల సఖ్యతా కూడా దక్కుతాయని ప్రకటనలు చెబుతాయి. గదిని అద్దెకివ్వడం లోకంలో ఎప్పటి నుంచో ఉన్నదే. తాతముత్తాతలను రోజువారీ లెక్కన అద్దెకిచ్చే విద్య మాత్రం కొత్తది కనుక దాన్ని కాస్త శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది.

ఇటువంటి ఇంటి వసారాలో తరచుగా పనస కర్ర స్తంభాలు రెండు కనిపిస్తాయి. వాటి ఒంటి నిండా చెక్కడపు పని ఉంటుంది, అడుగున రాతి పీఠం ఉంటుంది, పైన బరువు మాత్రం ఉండదు. ఎందుకంటే కప్పును మోస్తున్నది పాతికేళ్ల కిందట పోసిన కాంక్రీటు. వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలియాలంటే తరవాడు గురించి తెలియాలి. తరవాడు అంటే ఒకే మూలపుటమ్మ సంతతి ఉమ్మడిగా బతికే మాతృవంశ కుటుంబమూ, ఆ కుటుంబపు ఇల్లూను. నడుమ ఆకాశం కనిపించే వాకిలి విడిచి చుట్టూ నాలుగు వైపులా గదులు కట్టే ఆ ఇంటి పద్ధతిని నాలుకెట్టు అంటారు. గోదావరి జిల్లాల మండువా లోగిలికి అది దగ్గరి చుట్టం. పంపకాల చట్టాలు 20వ శతాబ్దపు తొలి సగంలోనే ఈ కుటుంబాలను విడదీయడం మొదలుపెట్టగా, 1976 డిసెంబరు 1న అమలులోకి వచ్చిన కేరళ హిందూ ఉమ్మడి కుటుంబ వ్యవస్థ రద్దు చట్టం మిగిలిన పని పూర్తి చేసింది. పదిమంది వాటాదారులున్న ఇంట్లో ఎవరూ కాపురముండలేరు గాని దాని కలపను అందరూ పంచుకోగలరు. అందుచేత ఎన్నో ఇళ్లను విప్పదీసి, తలుపులూ దూలాలూ స్తంభాలూ విడివిడిగా వెలకట్టి అమ్మారు, వాటిలో కొన్ని మట్టాంచేరి యూదుల వీధిలోని పాతవస్తువుల దుకాణాలకు చేరాయి. ఆ విధంగా ఒక కుటుంబం చీలిపోయినందువల్ల అంగడికెక్కిన స్తంభం మరొక కుటుంబపు ఐకమత్యానికి సాక్ష్యం పలుకుతూ, రాత్రికి ఇంతని సంపాదించి పెడుతోంది.

స్తంభానికైనా నిజమైన వయసు ఉంది, మిగిలిన సామగ్రికి అదీ లేదు. పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం ఒక వస్తువు పురావస్తువు అనిపించుకోవాలంటే 100 ఏళ్లు, రాతప్రతి అయితే 75 ఏళ్లు నిండాలి. వింటేజ్ శైలికి అటువంటి బాదరబందీ లేదు. శైలి మాత్రమే పాతదైతే చాలు కనుక వస్తువు గత మంగళవారం పుట్టినదైనా అభ్యంతరం ఉండదు. కొత్త బల్ల అంచులను గరుకు కాగితంతో అరగదీసి, గొలుసుతో నాలుగు దెబ్బలు కొట్టి, మేకుతో పురుగు తొలిచినట్టు చిన్న చిన్న బెజ్జాలు పొడిచి, చివరకు టీ డికాక్షనో పొటాషియం పర్మాంగనేట్ నీళ్లో పూస్తే, మూడు తరాలు అన్నం తిన్న బల్ల ఒక మధ్యాహ్నంలో తయారవుతుంది. పడకగదిలో వేలాడే బల్బు 19వ శతాబ్దపు కార్బన్ తీగ బల్బును అనుకరించే ఎల్‌ఈడీ. వాల్వు రేడియో పొట్టలో బ్లూటూత్ స్పీకరు ఉంటుంది. చక్రం తిప్పే టెలిఫోనుకు తీగే ఉండదు. దాని పక్కనే నిలబడి అతిథి మొట్టమొదట అడిగేది వైఫై పాస్‌వర్డు. పైకప్పు మీది ఎర్ర పెంకు అనాది సంప్రదాయమని గర్వంగా చూపిస్తారు గాని, అది బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ మతప్రచార సంస్థ 1865లో మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి అచ్చుపోయించిన సరుకు. ఆ కాలానికి అంతకంటే ఆధునికమైనది ఊళ్లో మరొకటి ఉండి ఉండదు.

కేంద్ర పర్యాటక శాఖ పథకం కింద ఇటువంటి ఇళ్లకు బంగారు, వెండి అని రెండు వర్గాలున్నాయి. గదులు ఒకటికి తగ్గకూడదు, ఆరుకు మించకూడదు. యజమాని కుటుంబసమేతంగా ఆ ఇంట్లోనే నివసించి తీరాలి. ఈ రెండో నిబంధన చాలా లోతైనది, ఎందుకంటే దాని వల్ల పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి, వేడినీళ్లు వగైరా సదుపాయాల వరసలో భార్యాబిడ్డలు కూడా తనిఖీకి లోబడిన ఒక అంశమయ్యారు. ఎయిర్‌బీఎన్‌బీ అనే బస ఏర్పాట్ల సంస్థ ఇంకొక మెట్టు పైకెక్కింది. సూపర్‌హోస్ట్, అంటే శ్రేష్ఠుడైన ఆతిథేయుడు అనే బిరుదు నిలవాలంటే అతిథులు వేసే మార్కుల సగటు 5కు 4.8 అయినా ఉండాలని అది నియమం పెట్టింది. ఏ తెలుగు అల్లుడి దగ్గరా ఏ అత్తగారికీ ఇంతవరకు అన్ని మార్కులు వచ్చిన దాఖలా లేదు.

ఆ సగటు నిలబెట్టడానికి అసలు కుటుంబం పెరటి వైపు గదుల్లోకి తగ్గుతుంది. ప్లాస్టిక్ కుర్చీలు, ఇస్త్రీ బట్టల మూట, మందుల డబ్బా, కోచింగు పుస్తకాలు, చప్పుడు తగ్గించిన టీవీ, ఇవన్నీ అక్కడ ఉంటాయి. ముసలాయన దగ్గు కూడా అక్కడే ఉండాలి. అతిథి నిద్ర లేవకముందే మిక్సీ పని ముగించాలి, లేకపోతే ముందుగదిలో పెట్టిన సన్నికల్లు ప్రతిష్ఠకు భంగం కలుగుతుంది. ఉరుళి అనే వెడల్పాటి కంచు పాత్రలో వెనుకటికి పాయసం వండేవారు. ఇప్పుడు అందులో నీళ్లు పోసి మందారాలు తేలవేస్తారు, పాయసం వెనక వంటింట్లో ప్రెషర్ కుక్కరులో ఉడుకుతుంది. ఇందులో ఆ ఇల్లాలి తప్పేమీ లేదు. మలబారు వర్షాలకు పాత కప్పు ఏటా మరమ్మతు కోరుతుంది, పిల్లలు గల్ఫ్ నుంచి పంపే డబ్బు ఎల్లకాలం రాదు. బతుకుతెరువు కోసం ఇల్లు చూపడం పరువు తక్కువ పనేం కాదు. ఎగతాళికి తగినది ఆమె సంపాదన కాదు, ఆ సంపాదన మీద కప్పిన గతకాలపు జరీ దుప్పటి.

ఆ గతం యథాతథంగా తిరిగి వస్తే అతిథులలో చాలామందికి పూముఖం, అంటే ముందు వసారా, దాటే అర్హతే ఉండదు. కొందరిని వీధి గుమ్మం దాకా కూడా రానిచ్చేవారు కారు, ఎంత దూరంలో ఆగాలో కులం నిర్ణయించేది. సన్నికల్లు మీద నూరిన చేతుల పేర్లు ఏ గోడ మీది ఫొటో కిందా ఉండవు. ఇక పాత నాయర్ ఆచారం ప్రకారం భర్త భార్య ఇంట్లో కాపురముండేవాడు కాడని, రాత్రి భోజనాలయ్యాక వచ్చి ఉదయపు ఫలహారానికి ముందే తల్లి ఇంటికి వెళ్లిపోయేవాడని మానవశాస్త్రవేత్త కాథ్లీన్ గఫ్ నమోదు చేసింది. సంప్రదాయాన్ని అక్షరాలా పాటించేటట్లయితే మంచం మాత్రమే ఇవ్వాలి, ఉదయం ఫలహారంగా పుట్టూ కడలా కూరా పెట్టకూడదు.

మున్నార్, అలెప్పీ చూసి ఫోర్ట్ కొచ్చిలో దిగే తెలుగు కుటుంబం ఈ సరుకుకు మంచి గిరాకీ. ఆ కుటుంబ పెద్ద మండువా ఇంట్లో తన వాటాను, గదికొక బాత్రూం లేదన్న కారణం చేతనే, తమ్ముడికి అమ్మి నగరంలో అపార్టుమెంటు కొన్నవాడై ఉంటాడు. ఆయన ఇక్కడ చెక్క గొళ్లెం పెట్టీ తీసీ మురిసిపోయి, పిల్లలకు దాన్ని వివరించి, భార్య సంచిలోంచి తీసిన ఆవకాయతో అప్పం తిని, ‘అచ్చం మన ఇంట్లో ఉన్నట్టే ఉంది’ అని అయిదు చుక్కలు వేస్తాడు.

2025-26 కేంద్ర బడ్జెట్ హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ప్రకటించింది కనుక ఈ వ్యాపారం పెరుగుతుంది, పెరిగే వ్యాపారానికి మూడో వర్గం కూడా అవసరమవుతుంది. దానికి ఇనుప వర్గమని పేరు పెట్టవచ్చు. అందులో చేరిన అతిథిని రాగానే జీతమెంతో, రెండో సంతానం ఎప్పుడో అడగాలి; ఆరింటికి ఫ్యాను ఆపి లేపాలి; గ్యాసు బండ దించడానికి పిలవాలి; నిన్నటి పిండితో అట్లు వేసి, అన్నదమ్ముల పొలం గట్టు తగాదాలో ఎవరిది న్యాయమో తేల్చమనాలి; వెళ్లేటప్పుడు డబ్బు తీసుకోకుండా, మూత సరిగా పట్టని పచ్చడి సీసా ఒకటి సంచిలో కుక్కాలి. ఈ వర్గానికి దరఖాస్తు చేసే ఆతిథేయులు వేల సంఖ్యలో ఉంటారు. అతిథులు మాత్రం, పక్క వీధిలో గొళ్లెం ఉన్న గది దొరుకుతుందేమో వాకబు చేస్తారు.